తర్హేలియా తల కట్టు

తర్హేలియా చెవి కింద గడ్డ తీసేశారు. ఆ చోట దూది మెత్తలు దట్టంగా పెట్టి, గడ్డం కింద నుంచి నడినెత్తి మీదికి చుట్టి బిగించి కట్టారు. కళ్లు, ముక్కు, పెదాలు మాత్రమే బయటికి కనిపిస్తున్నాయి. "డాక్టరమ్మ చూసేదాకా దీన్ని ముట్టుకోవద్దు. ఈ బిగువు వల్లే లోపల నీరు, రక్తం చేరకుండా ఉంటాయి" అని ఇంటికి పంపేటప్పుడు నర్సు ఆమె భర్త ఒవీదియోకు మరీ మరీ చెప్పింది.

అతని దిగులు మాత్రం వేరు. ముఖాన్ని కదిలించే నరం ఆ గడ్డ పక్కనుంచే పోతుందని, అది దెబ్బతింటే మూతి ఒక పక్కకు జారిపోవచ్చని డాక్టరమ్మ ముందే చెప్పింది. ఆపరేషన్ అయ్యాక అడిగితే, "వాపు తగ్గనివ్వండి, చూద్దాం" అంది. అంబాతో అనే ఊళ్లో, సంతలో రొట్టెలు అమ్మే తర్హేలియాకు నోరే పెట్టుబడి. బేరమాడేవాళ్లను ఆటపట్టిస్తూ, నవ్విస్తూ బుట్ట ఖాళీ చేసేది. ఇప్పుడు ఆ కట్టు లోపల ఏముందో ఎవరికీ తెలియదు.

ఆదివారం మధ్యాహ్నం ఆమె అతని చొక్కా పట్టుకుని లాగింది.

"విప్పు" అంది పళ్ల మధ్య నుంచే.

"వద్దన్నారుగా."

"కొంచెమే. తల పగిలిపోతోంది."

"రేపు డాక్టరమ్మ చూస్తుందిగా, అప్పటిదాకా ఓర్చుకోరాదూ?"

"నీ తలకైతే తెలిసేది."

ఒవీదియో చెప్పులు కుట్టేవాడు. తోలును ఎంత బిగించాలో అతని చేతులకు తెలుసు. భార్య కళ్లలో నీళ్లు చూడలేక ఒక చుట్టు విప్పి వదులుగా కట్టాడు. ఆమె హాయిగా నిద్రపోయింది. అతనికి మాత్రం కునుకు పట్టలేదు.

మర్నాడు పొద్దున్నే అత్తగారు సోయిలా ఓట్స్ జావ తెచ్చింది. కూతుర్ని చూస్తూనే గిన్నె కింద పెట్టేసింది.

"ఇదేంటి అల్లుడూ, చెవి కింద కోడిగుడ్డు పెట్టినట్టుంది? కట్టెవరు విప్పారు?"

అతను తల దించుకున్నాడు.

"నీ చేతులు చెప్పుల మీద పెట్టుకో నాయనా, నా కూతురి తల మీద కాదు."

ఆసుపత్రికి వెళ్లే టాక్సీలో దారి పొడుగునా అతను భార్య ఊపిరినే వింటూ కూర్చున్నాడు. ఆమె కాస్త గట్టిగా గుటక వేసినా వంగి మొహంలోకి చూసేవాడు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ కట్టు చూసి కనుబొమలు ముడిచింది. "నేనే లాగాను" అంది తర్హేలియా వెంటనే.

"కాదమ్మా, నేను విప్పాను" అన్నాడు ఒవీదియో.

"మీ తగువు ఇంటికెళ్లి తేల్చుకోండి" అంటూ డాక్టరమ్మ సూది గుచ్చి, తేనె రంగు నీరు తీసింది. వాపు దిగింది. మళ్లీ కట్టే ముందు, "కళ్లు గట్టిగా మూయమ్మా. ఇప్పుడు పళ్లు చూపించు" అంది.

కళ్లు రెండూ మూసుకున్నాయి. బుగ్గలు రెండూ లేచాయి. కింది పెదవి మాత్రం ఒక మూల కదల్లేదు. ఒవీదియో కుర్చీ వీపును గట్టిగా పట్టుకున్నాడు.

"నరం తెగలేదు, నలిగింది. నెమ్మదిగా కోలుకుంటుంది" అంది డాక్టరమ్మ. తర్వాత మునుపటికంటే పొందికగా కట్టు కట్టింది. "నొప్పంటే మాత్ర వేయండి, కట్టు జోలికి పోకండి. వాపు పెరిగినా, ఊపిరాడకపోయినా క్షణం ఆగకుండా రండి."

ఆ తర్వాత నీరు చేరలేదు. కట్టు పోయి, రాత్రిపూట పెట్టుకునే పట్టీ వచ్చింది. కొన్నాళ్లకు అదీ పోయింది. పెదవి మూల మాత్రం మొండికేసింది. అయినా తర్హేలియా సంతకు వెళ్లింది. ఒవీదియో బుట్ట మోసుకొచ్చి, పనున్నవాడిలా పక్కనే నిలబడ్డాడు.

"మూతి అలా వంకర పోయిందేంటి?" అంది బేరమాడుతున్న ఒకావిడ.

"నువ్వు చెప్పిన ధర విని" అంది తర్హేలియా.

చుట్టూ ఉన్నవాళ్లు ఘొల్లున నవ్వారు. ఒవీదియో మొహం అటు తిప్పుకుని, చాలాసేపు రొట్టెలు సర్దాడు.