టీ పెట్టాల్సిన మాట

వార్డు గడియారంలో ఉదయం పదీ పది. సువార్తమ్మక్క చనిపోయి నలభై రోజులు. అయినా కీమో వార్డులో నా పక్క కుర్చీలో కూర్చుని బత్తాయి ఒలుస్తోంది, వార్డు కదులుతోంది, కిటికీల్లో రొయ్యల చెరువులు వెనక్కి పోతున్నాయి, కుర్చీలన్నీ బస్సు సీట్లయ్యాయి, అక్క ఇరవై రెండేళ్లు కండక్టరుగా చేసిన మనిషి కాబట్టి నాకది వింతగా లేదు.

"చెయ్యి కడ్డీ మీద పెట్టుకో ఝాన్సీ, కిందకి వేలాడేస్తే వాచిపోద్ది," అంటుంది.

ఆపరేషనైన వైపు చేతిని కడ్డీ మీద పెడతాను. ముందు సీట్లలో ప్రతి మంగళవారం కలిసే మా గ్రూపు ఆడవాళ్లు పదకొండు మంది ఉన్నారు, అందరికీ రొమ్ము క్యాన్సర్ వచ్చి తగ్గింది. నేను మొదటిసారి వెళ్లినప్పుడు ఒక్కొక్కరూ గడ్డ చేతికి తగిలిన రోజు ఏం చేశారో చెప్పారు. ఒకామె పప్పు రుబ్బింది, ఒకామె పెళ్లికెళ్లి భోంచేసి వచ్చింది. నాలుగో వారం నేనూ చెప్పాను, ఎనిమిది నెలలు ఎవరికీ చెప్పలేదని. ఎందుకని ఎవరూ అడగలేదు. ఆ తర్వాతే నాకు అన్నం సహించింది. అక్కడ ఉన్నది ఒకటే నియమం, అక్క పెట్టినది: 'ధైర్యంగా ఉండు' అన్నవాళ్లు అందరికీ టీ పెట్టాలి.

నా ఆరు కీమోలకూ అక్క సెలవు పెట్టి పక్కన కూర్చుంది. తనకు తిరగబెట్టినప్పుడు నేను వెళ్లలేదు. అది చెప్పాలని నోరు తెరుస్తాను, బస్సు వంతెన ఎక్కుతుంది, మాట నీళ్ల చప్పుడులో పోతుంది, మళ్లీ మొదలుపెడతాను.

"భయమేసిందక్కా. నిన్ను చూస్తే నన్ను నేను చూసుకున్నట్టుంటుందని. ధైర్యంగా ఉండమని మెసేజి పెట్టి ఊరుకున్నాను."

"చూశాలే. నర్సమ్మకి చూపించి మరీ నవ్వా. ఇన్నాళ్లకి దొరికింది, దీంతో టీ పెట్టించాలన్నా."

"కోపం రాలేదా?"

"వచ్చింది. రెండ్రోజులు." బత్తాయి తొన నా చేతిలో పెడుతుంది. "మూడో కీమోలో నన్ను పొమ్మని తిట్టావు గుర్తుందా? పోయానా?"

పోలేదు. నన్ను ఎందుకు పిలవలేదని అడుగుతాను. పిలిస్తే వచ్చేదానివా అంటుంది. రాకపోయేదాన్నేమో అంటాను. అక్క తలూపి లేస్తుంది, బస్సు వార్డవుతుంది, ముందు సీట్లు కనిపించవు.

"ఈ సీటు ఖాళీగా ఉంచకు," అంటుంది. "రైట్."

మెలకువ వచ్చేసరికి ఐదూ ఇరవై. ఫోనులో మంగళవారం గ్రూపుకి నాలుగూ యాభైకి వచ్చిన మెసేజి ఉంది. రెండు వారాల క్రితం చేరిన షంషాద్ పంపింది: "ఈరోజు తొమ్మిదింటికి మొదటి కీమో. మా ఆయనకి సెలవు దొరకలేదు. ఎవరైనా వస్తారా?"

వస్తున్నాను, పక్కన కూర్చుంటాను అని షంషాద్‌కి విడిగా రాశాను. ఐదూ ఇరవై మూడుకి టిక్కులు నీలంగా మారాయి.