మగ్గకముందే పంచిపెట్టిన సబ్బు

నేను ఒక సబ్బుని. షాపుల్లో మెరిసే కాగితం చుట్టుకుని కూర్చునే రకం కాదు, చేత్తో చేసినదాన్ని. ఒంటి నిండా కత్తి గీతలు, ఒక మూల సొట్ట, పసుపు కలిసిన రంగు. నన్ను చేతిలోకి తీసుకున్నవాళ్ళు ముందు ముక్కు దగ్గర పెట్టుకుంటారు. తర్వాత "ఎంత బాగుందో" అని దాచేస్తారు. అంతే, ఇక ఏమీ చెయ్యరు. అరిగిపోవడానికి పుట్టినదాన్ని పట్టుకుని దాచుకునే మనుషులతో నేను పడ్డ అవస్థ ఎవరికైనా చెప్పుకోకపోతే నాకు మనశ్శాంతి లేదు.

మా వంశం నిన్న మొన్నటిది కాదు. బూడిద నీళ్ళనీ కొవ్వునీ కలిపి కాచిన రోజుల నుంచీ ఉన్నాం. మీ ఊళ్ళలో మా పని సున్నిపిండీ, కుంకుడుకాయలూ, చవుడు మట్టీ చేసేవి. వాటిలో ఏదీ తొందరపడితే పలికేది కాదు. కుంకుళ్ళు కొట్టాలి, నానాలి, పిసకాలి. అవన్నీ ఓపిగ్గా చేసిన ముత్తవ్వల మునిమనవరాళ్ళే ఇప్పుడు సబ్బంటే అడిగిన క్షణంలో చేతిలో పడాలంటారు. ఏం చెప్పను.

నన్ను చేసిన మనిషి పేరు సత్యవేణి. కోనసీమలో కాలవ గట్టు పక్క ఇల్లు, వెనక వసారాలో సబ్బుల పని. గానుగ కొబ్బరినూనె తూచి, కాస్టిక్ సోడా కలిపిన నీళ్ళు చల్లార్చి, రెండూ ఒకచోట పోసి తెడ్డుతో తిప్పింది. తెడ్డు ఎత్తితే జారిన ధార పైన గీతలా నిలిచేదాకా ఆపలేదు. పసుపూ వేపాకు పొడీ వేసి, చెక్క అచ్చులో పోసి, చలి పుట్టకుండా పాత దుప్పటి కప్పింది. మర్నాడు ముక్కలు కోసి, ఒకదానికొకటి తగలకుండా తడకల మీద పేర్చింది.

అక్కడి నుంచి ఆగాలి. నెల దాటాలి. లోపలి నీరు ఆరాలి, సోడా కారం చల్లారాలి. దీన్ని ఆమె మగ్గడం అంటుంది. మామిడికాయలు మగ్గాలంటే గడ్డిలో పెట్టి ఊరుకుంటారు. ఆవకాయ ఊరేదాకా జాడీ మూత తియ్యరు. సబ్బు దగ్గరికొచ్చేసరికి ఆ ఓపిక ఏ కాలవలో పడుతుందో నాకు తెలీదు.

నేను తడకెక్కి వారం తిరక్కుండానే రైసుమిల్లు యజమాని భార్య కారు దిగింది. దసరా వెళ్ళగానే కూతురికి ఓణీల ఫంక్షన్, వచ్చినవాళ్ళందరికీ తలో సబ్బు ఇవ్వాలంది. ఇంకా పచ్చిగా ఉన్నాయండీ అని సత్యవేణి చెప్పబోతే, సబ్బేగా అమ్మా, పాయసమా పచ్చిగా ఉండటానికి అని నవ్వేసింది. ఆవిడ కారెక్కగానే సత్యవేణి తోటికోడలు అనంతలక్ష్మి అందుకుంది.

"పెద్దింటివాళ్ళు గుమ్మంలోకొస్తే నసుగుతావేంటే? ఇంకోసారి మన వీధి మొహం చూస్తారా?"

సత్యవేణి కాదనలేకపోయింది. ఒప్పుకుంది గానీ, ప్రతి ముక్క మీదా ఒక చీటీ అంటించింది. కార్తీకమాసం వెళ్ళేదాకా వాడవద్దు అని. పచ్చి సబ్బు పెద్దవాళ్ళ ఒంటికి కాస్త మండి ఊరుకుంటుంది. పసివాళ్ళ ఒళ్ళయితే కందిపోతుంది. నాకు నోరుంటే అప్పుడే అడ్డం పడేదాన్ని. సబ్బుకి నోరెక్కడిది, నురగే.

ఫంక్షన్లో ఏం చేశారో వినండి. పెళ్ళికూతురిలా ముస్తాబైన ఆ పిల్ల మేనత్తకి చీటీ కంటబడింది. శుభమా అని ఇస్తూ వాడవద్దు అని రాస్తారా, ఎవరైనా వింటే ఏమనుకుంటారు అని మండిపడి, కూర్చుని అన్నీ పీకించింది. వాటి స్థానంలో పిల్ల ఫోటో అంటించారు. నా మీద కూడా ఒకటి, ఓణీలో నవ్వుతూ.

భోజనాలకి వెళ్ళిన అనంతలక్ష్మి తన వంతు సబ్బు ఇంటికి తెచ్చింది. సత్యవేణి తిప్పి తిప్పి చూసింది. చీటీ లేదు. అన్నం కలిపిన చెయ్యి అలాగే కడుక్కుని బయల్దేరింది. ఎవరింట్లో పసిపిల్లలున్నారో తలుచుకుంటూ, ఇల్లిల్లూ తిరిగింది. ఆ తిరుగుడు సంగతి తర్వాత ఆమె నోటే విన్నాను.

తహసీల్దారుగా చేసి రిటైరైన ఆయన ఇంట్లో అడిగితే, చాలా బాగుందమ్మా, నురగ భలే వస్తోంది అన్నారు. మంట పుట్టలేదా అంటే, మంటా, ఒళ్ళు వెన్నలా అయిపోయింది అన్నారు. పక్కింట్లో ఇంటిల్లిపాదీ దాంతోనే రుద్దుకుంటున్నామన్నారు. దర్జీ భార్య అయితే అప్పుడే అయిపోయింది, ఇంకోటుంటే ఇమ్మంది. ఒక్కొక్క మెప్పుకీ సత్యవేణి ఇంకో గుమ్మానికి పరుగెత్తింది. ఊరంతా పచ్చి సబ్బు రుద్దుకుంటోందని నమ్మింది మరి.

చివరికి నేనున్న ఇంటికొచ్చింది. ఆ ఇల్లు భ్రమరాంబ గారిది. కూతురు పురిటికొచ్చి ఇంకా అక్కడే ఉంది. ఉయ్యాల్లో అయిదు నెలల మనవడు. సబ్బు మాట ఎత్తగానే భ్రమరాంబ గారు మొహమంతా నవ్వు చేసుకుంది.

"మా బుడ్డోడికి కూడా దాంతోనే పోస్తున్నానమ్మాయ్. ఎంత హాయిగా పడుకుంటున్నాడో."

సత్యవేణి గబగబా ఉయ్యాల దగ్గరికి వెళ్ళింది. పిల్లాడి చొక్కా ఎత్తి, మెడ మడతలూ చంకలూ విప్పి చూసింది. వాడు నిద్దట్లో మూతి ముడిచాడు తప్ప ఎక్కడా ఎరుపు లేదు. ఆమె వెనక్కి తిరిగి చేతులు జోడించింది.

"పిన్నిగారూ, మీకు దండం పెడతాను, నిజం చెప్పండి. అది పచ్చి సబ్బు. పిల్లాడి ఒళ్ళు ఊడొస్తుంది."

భ్రమరాంబ గారు కాసేపు పమిట చెంగు సర్దుకుంది. తర్వాత బీరువా తాళం తీసింది. పట్టుచీరల మధ్య, కలరా ఉండల పక్కన, కట్టిన రిబ్బను కట్టినట్టే నేను.

"చేసినదానివి నువ్వే వచ్చి ఎలా ఉందని అడిగితే, ఇంకా విప్పలేదని ఎలా చెప్తాను? నువ్వు చిన్నబుచ్చుకోవూ."

సత్యవేణికి నవ్వొచ్చిందో ఏడుపొచ్చిందో నాకు అర్థం కాలేదు. రిబ్బను ఊడదీసి నన్ను నాలుకకి తాకించుకుంది. సబ్బు చేసేవాళ్ళు అలాగే చూస్తారు. నాలుక చురుక్కుమంది. ఇంకా పచ్చే. మిగతా ఇళ్ళలో విన్న మెప్పులు కూడా ఇలాంటివేనని ఆమెకి అప్పుడు తట్టింది. వెన్నలా అయిపోయిన ఒళ్ళన్నీ బీరువాల్లోనే ఉన్నాయి. పెట్టెల్లో, దిండు గలీబుల్లో, చుట్టాలొస్తే తీద్దామని. దర్జీ భార్య తన సబ్బుని అప్పటికే ఆడపడుచుకి కానుకగా పంపేసిందట.

గండం గడిచిందని తేలాక భ్రమరాంబ గారికి ధైర్యమొచ్చింది. చేసిన పనికి సర్దుబాటు కూడా చెయ్యాలిగా. వచ్చే నెల బుడ్డోడి అన్నప్రాసనకి తనకీ ఒక యాభై సబ్బులు కావాలంది. మగ్గకపోయినా ఫరవాలేదు, అందరూ దాచుకునేవాళ్ళేగా, వాళ్ళ బీరువాల్లో మగ్గుతాయి అని లెక్క కూడా చెప్పింది.

సత్యవేణి నన్ను మళ్ళీ చుట్టి ఆవిడ చేతిలో పెట్టింది.

"ఇవ్వనండి. మీరు దాచబట్టి సరిపోయింది. రేపు ఎవరో ఒకళ్ళు నిజంగానే వాడతారు."

అంత చిన్న మాట రైసుమిల్లావిడతో అనలేకపోయి, ఊరంతా కాళ్ళరిగేలా తిరిగాక ఇక్కడ అంది. భ్రమరాంబ గారి మొహం ముడుచుకుపోయింది. ఆ అమ్మాయికి పొగరని నాలుగిళ్ళలో చెప్పి, అన్నప్రాసనకి స్టీలు గిన్నెలు పంచింది.

కార్తీకం వెళ్ళిన మర్నాడే నన్ను తీసింది. భయం వల్లో పౌరుషం వల్లో గానీ ఒక్క రోజు కూడా ఆగలేదు. నాకు మంచి రోజులొచ్చాయనుకున్నాను. చిల్లు లేని సబ్బు పెట్టెలో, నిలవ నీళ్ళలో, కప్పలా నన్ను కూర్చోబెట్టింది. చేత్తో చేసిన సబ్బుకి స్నానానికీ స్నానానికీ మధ్య గాలి తగలాలి, ఆరాలి. నీళ్ళలో వదిలేస్తే జావైపోతాం. జావైపోయాక, ఇదేం సబ్బు, నాలుగు రోజులు రాదు అని మమ్మల్నే తిడతారు. పీచు మీద పెట్టమని సత్యవేణి వచ్చి చెప్పి వెళ్ళాక గానీ నాకు గాలి తగల్లేదు. చెప్పినంతసేపూ భ్రమరాంబ గారు గోడకేసి చూసింది. ఆమె వెళ్ళగానే కొబ్బరిపీచు వెతికి తెచ్చింది.

వైశాఖంలో వచ్చే బుడ్డోడి పుట్టినరోజుకి పుష్యమాసంలోనే వెళ్ళి సత్యవేణికి సబ్బులు చెప్పొచ్చింది. ఆ పూట వాడికి నీళ్ళు పోస్తూ, వియ్యపురాలితో ఫోన్లో గట్టిగా అంటోంది.

"ముందే చెప్పాలి వదినగారూ, తొందరపడితే కుదరదు. సబ్బంటే మగ్గాలి."

పుట్టినప్పటి నుంచీ తెలిసినదానిలా చెబుతోంది. నాకు ఒళ్ళు మండిపోయింది. మండటానికి మాత్రం ఒళ్ళెక్కడుంది, కొబ్బరి రేకంత మిగిలాను. పిల్లాడి వీపు మీద ఒకసారి తిరిగాను, మెడ మడతలో ఒకసారి. ఎక్కడా ఎరుపు లేదు. వాడు నీళ్ళు తపతపా కొట్టాడు. భ్రమరాంబ గారు ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, నన్ను మళ్ళీ పీచు మీద పెడదామని గుప్పిట తెరిచింది. గుప్పిట్లో నురగే మిగిలింది.