ఎడమ నుంచి నాలుగో గొంతు

...రెండోదే బాగుందని అనేశాడు గానీ, ఎందుకన్నాడో అతనికే తెలియదు. అడిగారు కాబట్టి అన్నాడు. అడిగినప్పుడు ఏదో ఒకటి చెప్పకపోతే చెవులు లేవనుకుంటారు. మొదటిదంటే తొందరపడ్డాడనుకుంటారు. రెండోదంటే ఆలోచించి చెప్పినట్టుంటుంది. ఈ లెక్క అతనికి కొత్త కాదు. పాతికేళ్లుగా తన కళ్లద్దాల దుకాణంలో, వెనక చీకటి గదిలో, ఎత్తు కుర్చీలో కూర్చున్నవాళ్ల కళ్ల ముందు అద్దాలు మారుస్తూ "ఇది బాగుందా, ఇదా?" అని అడుగుతున్నది అతనే. వాళ్లూ ఇలాగే గుటక మింగి "రెండోదండీ" అంటారు. ఎక్కడ తప్పుతామోనని బెంగ. కళ్లకు మార్కులుండవమ్మా అని ఎంతమందికి చెప్పాడో! చెవులకు మార్కులుండవని ఇప్పుడు తనకు చెప్పేవాళ్లు లేరు.

"రెండోదా సార్?" అంది స్పీకర్ల దుకాణం ఆవిడ.

"ఆ... కాస్త నిండుగా ఉంది."

"రెండుసార్లూ ఒకే జత. నేను మార్చలేదు."

ఎడమ పక్క కుర్చీలో కూతురు కిసుక్కుమంది. కుడి పక్కన భార్య మొహం తిప్పుకుంది. అతనికీ నవ్వాగలేదు. అనుమానం వచ్చిన ప్రతివాళ్ల మీదా తను వేసే ఎత్తే ఇది. అద్దం తీసినట్టే తీసి, మళ్లీ అదే పెట్టి, "ఇప్పుడెలా ఉంది?" అనడం. తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడు ఉంటాడని ఊరికే అన్నారా.

"ఏమనుకోకండి," అంది ఆవిడ. "చాలామంది స్పీకర్లను వినరు, నా మొహం చూస్తారు. ఏది ఖరీదైనదో దాంట్లో వెతుకుతారు. అందుకే మా దగ్గర ఈ తెర."

గది ఒక గోడ నుంచి ఇంకో గోడ దాకా పలచటి నల్లగుడ్డ వేలాడుతోంది. దాని వెనక మూడు జతల స్పీకర్లున్నాయి. పొడుగువో పొట్టివో, కలపవో మరొకటో, ఎంత ధరో కొనేవాళ్లకు తెలియదు. ఫలానా జత కావాలని నోటితో చెప్పాకే ఆవిడ తెర జరుపుతుంది. అది ఆ దుకాణం నియమం. నచ్చకపోతే పక్క వీధిలో తెరలు లేని దుకాణాలు బోలెడున్నాయి.

"ఇంట్లో ఇప్పుడు స్పీకర్లు ఎక్కడ పెట్టారు?" అని అడిగింది ఆవిడ.

"ఒకటి పుస్తకాల బీరువా మీద," అంది భార్య. "ఇంకోటి కింద, చెప్పుల స్టాండు పక్కన. అదే ఆదివారం నాడు కన్నుమూసింది."

"అంటే ఇన్నాళ్లూ సగం పాట చెప్పులు విన్నాయన్నమాట."

భార్య నవ్వింది. నవ్వే ముందు ఆమె చిన్నగా ఊపిరి పీలుస్తుంది, ఎదుటివాళ్ల మాట పూర్తి కాకముందే, అర క్షణం ముందుగా. ఫోనెత్తి మాట్లాడే ముందూ అంతే. అతన్ని తిట్టే ముందూ అంతే. ఆ చప్పుడు వినపడగానే అతను చేతిలో ఉన్నది కింద పెట్టేస్తాడు.

"అసలు సంగతి నేను చెప్తానాంటీ," అంటూ కూతురు ముందుకు జరిగింది. పదహారేళ్లది. తలుపులు వేసే తీరు చూసి ఇంట్లో దాన్ని బాంబు అంటారు. "మా నాన్న ఆరేళ్ల నుంచి స్పీకర్లు కొంటున్నాడు. దానికో నోట్‌బుక్ ఉంది. నేను నాలుగో తరగతిలో ఉన్నప్పుడు మొదలెట్టాడు. నాకు పదో తరగతి అయిపోయింది, ఆయనకింకా మొదటి చాప్టరే."

"చదువుకుని కొనాలే," అన్నాడు అతను.

"చదువు సరే, కొనడమేదీ?"

బాంబుకు కావలసింది సినిమాలు. సినిమాలో తలుపు పేలితే ఇంట్లో తలుపు వణకాలి. ఆవిడ దానికోసం ఒక దృశ్యం వేసింది. వాన, హెలికాప్టర్, ఆ హోరులో ఇద్దరు మనుషుల గుసగుస. మొదటి జతలో వాన బ్రహ్మాండంగా కురిసింది గానీ గుసగుస అందులో కొట్టుకుపోయింది. మూడో జతలో హెలికాప్టర్ నెత్తి మీంచి వెళ్తున్నా ఆ మాటలు చెవి పక్కనే ఉన్నాయి. "ఇదే! ఇదే!" అని బాంబు కుర్చీలోనే ఎగిరింది. "నాన్నా, ఇక నీ నోట్‌బుక్ మూసెయ్."

"తొందరపడకమ్మా," అంది ఆవిడ. "సినిమా అయింది, పాట వినండి. కొత్త పాటతో వింటే పాట నచ్చి స్పీకరు కొంటారు. బాగా ఎరిగిన గొంతుతో వినాలి. అలాంటిదేమైనా తెచ్చారా సార్?"

తేలేదు. ఇంట్లోంచి బయల్దేరేటప్పుడు కావాలనే తేలేదు.

"నేను తెచ్చాను," అంటూ భార్య చేతిసంచి జిప్పు లాగింది.

ఆ పాత పాట డిస్కు అంచు కనబడగానే అతను కుర్చీలో వెనక్కి జరిగాడు.

కాలేజీలో ఉండగా ఆమె ఒక సినిమా పాటకు కోరస్ పాడింది. ఎనిమిది మంది అమ్మాయిలు, ఒక్క రోజు, ఒక్క పాట. సినిమా ఎనిమిది రోజులాడింది. గొంతుకో రోజు అంటుంది ఆమె. పెళ్లయిన మొదటి వారంలో టేప్‌రికార్డర్లో ఆ పాట పెట్టి, "ఇందులో నేనున్నాను, తెలుసా?" అంది. కొత్త పెళ్లికొడుకు తెలియదని ఎలా అంటాడు? కళ్లు మూసుకున్నాడు. చెయ్యి ఎత్తి, గాల్లో వేలు పెట్టి, "ఇదిగో, ఎడమ నుంచి నాలుగో గొంతు. నీదే," అన్నాడు. ఆమె మురిసిపోయింది. మురిసిపోయినట్టే కనిపించింది. ఆ టేప్‌రికార్డర్‌కు ఉన్నది ఒకే ఒక్క స్పీకరు. ఒంటి స్పీకర్లో ఎడమా ఉండదు, కుడీ ఉండదు. ఆ సంగతి అతనికి నాలుగేళ్ల తర్వాత తెలిసింది. ఆమెకు ఎప్పుడు తెలిసిందో ఈ ఇరవై రెండేళ్లలో బోధపడలేదు.

ఇంటికి ఎవరొచ్చినా ఆ పాట పెట్టేవాళ్లు, అతను వేలు చూపించేవాడు. అబద్ధం కూడా ఇంట్లో సామానులాంటిదే. కొన్నాళ్లకు దాని మీద తడిబట్టలు ఆరేసుకుంటాం. నువ్వెక్కడ నిలబడ్డావు అని ఒక్క మాట అడిగితే పోయేది. పొద్దున లేస్తే మనుషుల్ని ప్రశ్నలడిగి బతికేవాడు ఇంట్లో ఆ ఒక్క ప్రశ్న అడగలేకపోయాడు. అడిగితే తెలియదని తెలిసిపోతుంది కదా.

ఒంటరిగా ఉన్నప్పుడు మాత్రం నిజంగానే వెతికేవాడు. బీరువా మీది స్పీకరుకు చెవి ఆనించి, ఇందులో ఎక్కడుందీ మనిషి అని. పాత స్పీకర్లలో ఎనిమిది గొంతులూ ఒకే పిండిముద్ద. మంచి స్పీకర్లలో ఎవరి గొంతు వాళ్ల చోట్లో నిలబడుతుందని ఎక్కడో చదివాడు. ఆ వాక్యం అతన్ని దుకాణాల వైపు లాగింది, ఆ వాక్యమే గుమ్మంలో ఆపేసింది. ఆరేళ్ల నోట్‌బుక్ నిండా రాసుకున్నది స్పీకర్ల గురించి కాదు. వెళ్లకపోవడానికి కారణాలు.

"మా ఆయన ఇందులో నా గొంతు ఇట్టే పట్టేస్తారండీ," అంటోంది భార్య, ఆవిడతో. "ఎడమ నుంచి నాలుగోది."

"ఎనిమిది గొంతుల్లోనా?" ఆవిడ అతని వైపు కొత్తగా చూసింది. "ఇంతకీ మీరెక్కడ నిలబడ్డారు మేడం?"

"నేను చెప్పను. ఆయన్నే చెప్పనివ్వండి."

తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాడు.

పాట మొదలైంది. చరణం అయ్యాక వాద్యాలన్నీ ఒక్క క్షణం ఆగుతాయి, ఆ తర్వాత కోరస్. మొదటి జతలో తబలా తప్ప ఏదీ పట్టుబడలేదు. రెండో జతలో గొంతులన్నీ తీపిగా, మెత్తగా, ఒకదాని మీద ఒకటి వాలిపోయాయి. ఎవరెవరో చెప్పడం దేవుడి తరం కాదు. అతనికి ప్రాణం లేచొచ్చింది. ఆ తర్వాత మూడో జత.

తెర వెనక ఎనిమిది మంది అమ్మాయిలు వచ్చి నిలబడ్డారు. నిజంగానే నిలబడ్డారు. ఒకామెకూ ఒకామెకూ మధ్య ఎడం ఎంతో చెప్పొచ్చు. అతను ఎడమ నుంచి లెక్కపెట్టాడు. ఒకటి, రెండు, మూడు... నాలుగో గొంతు బొంగురుగా, ముక్కుతో పలుకుతూ, ధీమాగా పాడుతోంది. అది ఆమె కాదు. ఏ జన్మలోనూ ఆమె కాదు.

"అమ్మా, నీకప్పుడు జలుబా?" అంది బాంబు.

"ఏమోనమ్మా, మీ నాన్ననే అడుగు. నా గొంతు సంగతి నాకంటే ఆయనకే బాగా తెలుసు."

ఆమె తెర వైపే చూస్తోంది. పెదవి చివర ఏదో కదిలి ఆగింది.

"చెప్పండి సార్, ఏ జత?"

రెండోదంటే చాలు. గొంతులు మళ్లీ ముద్దయిపోతాయి, నాలుగోది ఎవరిదైనా కావచ్చు, ఇల్లు ఎప్పటిలాగే ఉంటుంది. అతనికి ఒక ముసలావిడ గుర్తొచ్చింది. కొత్త కళ్లద్దాలు వారం తిరక్కుండా తెచ్చి బల్ల మీద పెట్టి, "ఇవొద్దు నాయనా, వీటితో చూస్తే ఇల్లంతా దుమ్మే!" అంది. అప్పుడు కడుపుబ్బా నవ్వాడు. పాపం, ఆవిడకు అద్దాలతో తగువేం లేదు.

"రెండోది..." అన్నాడు. "అందరూ కలిసిపోయి, బాగానే... కోరస్ అంటే కలిసుండటమే కదండీ."

"కలిసుండటం వేరు సార్, అతుక్కుపోవడం వేరు."

బాంబు నుదురు కొట్టుకుంది. "నాన్నా, నీకు చెవుల్లో దూది ఉందా?"

అతను కుర్చీలో సర్దుకున్నాడు. అక్షరాల పట్టిక ముందు బిగుసుకుపోయేవాళ్లకు తను చెప్పే మాట ఒకటుంది. చదవకండి, ఊరికే అలా చూడండి. ఎవరికో చెప్పే మాట తనకు తాను చెప్పుకోవడానికి ఇంత వయసు రావలసి వచ్చింది.

"మూడో జత... ఇంకొక్కసారి వేస్తారా?"

ఈసారి లెక్కపెట్టలేదు. చరణం అయింది. వాద్యాలు ఆగాయి. ఆ ఖాళీలో, కోరస్ ఇంకా మొదలుకాకముందే, కుడి చివర నుంచి ఎవరో ఊపిరి పీల్చారు. చిన్న చప్పుడు. అర క్షణం ముందుగా, తొందరపడి. అందరి కంటే ముందే సిద్ధమైపోయి, ఆగలేక.

అతను చేతిలో ఏదో ఉన్నట్టు, దాన్ని కింద పెట్టబోయాడు. చేతిలో ఏమీ లేదు.

ఆ ఊపిరి వెనకే ఆ చివర గొంతు వచ్చింది. కాస్త బెరుకుగా, సన్నగా, తప్పు చేశానేమో అన్నట్టు. అతనికి నవ్వొచ్చింది. ఇరవై రెండేళ్లుగా గొంతు కోసం వెతికాడు, ఊపిరి రోజూ పక్కనే ఉంది.

"మళ్లీ," అన్నాడు.

"ఎన్నిసార్లు నాన్నా!"

"నోరు మూసుకుని విను బాంబూ. మళ్లీ వెయ్యండి."

ఈసారి తెర వైపు చూడలేదు. కుడి పక్కకు, భార్య వైపు చూశాడు. ఆమెకు ఆ సంగతి తెలియదు. పాటలో ఉంది. చరణం అయింది, వాద్యాలు ఆగాయి, ఆమె భుజాలు కొద్దిగా పైకి లేచాయి. తెర వెనకా, కుర్చీలోనూ, రెండు ఊపిర్లు ఒక్కసారే. అదే అర క్షణం ముందు. అదే పొరపాటు. కోరస్‌తో పాటు పెదవులు కదిలిస్తూ ఇటు తిరిగిందామె. అతను తననే చూస్తున్నాడని గమనించి ఆగిపోయింది.

దుకాణం ఆవిడ పాటను అక్కడే ఆపింది.

"ఏవండీ," అంది భార్య. గొంతులో నవ్వుంది. నవ్వు అడుగున ఇంకేదో కూడా ఉంది. "నేనెక్కడున్నాను?"

ఇన్నేళ్లలో ఆమె ఆ మాట అడగడం ఇదే మొదటిసారి. అతనికి అర్థమైంది. అతను అడగలేదని ఆమె చెప్పలేదు. అతను చెప్పేశాడని ఆమె అడగలేదు.

అతని చెయ్యి లేచింది. అలవాటు కొద్దీ ఎడమ వైపుకే వెళ్లింది. నాలుగో గొంతు దగ్గర, గాల్లో, ఆగింది. బాంబు ఆ వేలినే చూస్తోంది. అతను ఒక్కసారి ఊపిరి పీల్చుకుని, అక్కడి నుంచి వేలిని మెల్లగా జరిపి, ఐదో గొంతునూ, ఆరో గొంతునూ, ఏడో గొంతునూ దాటించి, తెర కుడి చివర చూపించాడు.