ఏమో మేడమ్ అట్టపుస్తకం

రాబోయే ముప్పై ఏళ్ళ వానల్ని కంప్యూటర్లో లెక్కకట్టే ఆ ఆఫీసుకి పెద్ద దిక్కు ఒకావిడ. ఏం అడిగినా ముందు "ఏమో" అని, ఆ తర్వాతే అసలు సంగతి చెబుతుంది. అందుకే వెనకాల అందరూ ఆవిణ్ణి "ఏమో మేడమ్" అంటారు. ఆ పేరు పెట్టిన ఘనుడు ఆవిడ శిష్యుడే. శిష్యుడంటే చిన్నవాడేం కాదు, నలభై దగ్గరపడ్డవాడు. భార్య ఆసుపత్రిలో పసిపిల్లల వార్డు నర్సు.

మేడమ్‌కి ఇంకో చాదస్తముంది. లెక్కలో ఎవరు ఏ మార్పు చేసినా ఒక అట్టపుస్తకంలో రాయాలి. ఏం మార్చారు, ఎందుకు, ఎవరి కోసం, కింద సంతకం. కొట్టివేతలు కుదరవు. "కంప్యూటరు చేసే పనికి ఈ దస్తావేజులెందుకో!" అని సణుక్కుంటూనే శిష్యుడు ఆరేళ్ళుగా రాస్తున్నాడు.

ఆ ఉదయం ఇంజనీరుగారు ప్లాను చుట్ట చంకలో పెట్టుకుని వచ్చారు. శిష్యుడి భార్య పనిచేసే ఆసుపత్రికే ఏటి ఒడ్డున కొత్త భవనం కడుతున్నారు. పసిపిల్లల వార్డు కింది అంతస్తులో. వరదొస్తే నీళ్ళు ఎన్నడుగులు లేస్తాయో ఒక్క అంకె చెబితే, పునాది అంతకంటే అడుగు ఎత్తు లేపుతారట.

"మూడడుగులండీ," అన్నాడు శిష్యుడు ఠక్కున. పొద్దున ఇంట్లో భార్యకీ అదే చెప్పి వచ్చాడు.

"ఏమో," అంది మేడమ్.

"మొదలెట్టారూ?" ఇంజనీరు నవ్వాడు. "ఏమో, గుర్రం ఎగరావచ్చు అంటే నేను పునాది ఆకాశంలో వెయ్యాలి."

మేడమ్ పుస్తకం తిప్పి, నాలుగేళ్ళ కిందటి పేజీ శిష్యుడి ముందు పెట్టింది. రాత అతనిదే. 'మబ్బుల లెక్క సవరించాను. నెలవారీ సగటు వాన చక్కగా కుదిరింది. ఒక్కరోజు కుంభవృష్టి మాత్రం తక్కువ చూపిస్తోంది, ఫర్వాలేదు. పంటల శాఖ కోసం.'

మూడడుగులన్నది ఆ సవరించిన లెక్క చెప్పిన అంకే. ఆసుపత్రిని ముంచేది సగటు వాన కాదు. పైర్ల కోసం తను రాసిన ఆ "ఫర్వాలేదు" మీదే భార్య పసికందుల ఉయ్యాలలు పెట్టబోతోంది.

"తప్పు నాదే మేడమ్."

"తప్పేం కాదయ్యా. పైర్లకి అదే మేలు. ఎవరికి ఏం కావాలో చూసుకునేగా మనం లెక్క సరిచేసేది. ఇప్పుడు అడిగేవాళ్ళు మారారు, అంతే."

కుంభవృష్టికి సరిపెట్టిన పాత లెక్కలు ఇరవైదాకా ఆవిడ పారెయ్యకుండా దాచింది. మధ్యాహ్నానికి అన్నీ తీసి చూశారు. మూడడుగుల నుంచి ఆరడుగుల దాకా పలికాయి.

"మూడా, ఆరా? తెలీదని చెప్పెయ్యండి పోనీ!" ఇంజనీరు విసుక్కున్నాడు.

"తెలీదు," అంది మేడమ్ ఏమాత్రం తొణక్కుండా. "ఎంత తెలీదో మాత్రం తెలుసు. పొరపాటు పడక తప్పదు గనక ఎటువైపు పడదామో చెప్పండి. ఎక్కువ చెప్పి నీళ్ళు రాకపోతే శ్రమ దండగ. తక్కువ చెప్పి వస్తే?"

"అది నేనెలా చెప్పను?"

"నేనూ చెప్పకూడదు. అక్కడ ఉండేవాళ్ళనే అడగాలి. ఏమయ్యా, మీ ఆవిడకి ఫోన్ కొట్టు."

ఫోను స్పీకర్లో పెట్టారు. ఆమె అంతా విని, "నీళ్ళొచ్చి కరెంటు పోయి లిఫ్టు ఆగిందంటే, ఒక్కో బిడ్డని పైకి చేర్చడానికి ఇద్దరం కావాలండీ," అంది. "ఒకరు బిడ్డనెత్తుకోవాలి, ఒకరు ఆక్సిజన్ పట్టుకోవాలి. డ్యూటీలో ఉండేది ముగ్గురం. పిల్లలు ఇరవైమంది. ఇక మీరే లెక్కేసుకోండి."

ఆ లెక్కకి కంప్యూటరు అక్కర్లేకపోయింది. ఇంజనీరు ప్లాను విప్పి, కింది అంతస్తులో వార్డు గడి కొట్టేశాడు.

"వార్డు పైకి మారుస్తాను. కింద స్కూటర్లూ కార్లూ పెట్టుకుంటాం. ముప్పై ఏళ్ళూ చుక్క నీరు రాకపోతే మాత్రం జనం నన్ను ఆడిపోసుకుంటారు."

"నా పేరు చెప్పండి. నన్నే తిట్టుకుంటారు," అంటూ మేడమ్ పుస్తకంలో రాసింది. 'ఆరడుగులకు సిద్ధపడదామన్నాం. ఎక్కువైతే పూచీ నాది.' సంతకం చేసి పుస్తకం శిష్యుడి వైపు జరిపింది. తెలీదని చెప్పి, ఆ మాటకి పూచీ పడటానికి ఎంత గుండె కావాలో అతనికి ఇన్నాళ్ళకి తెలిసొచ్చింది. 'ఎవరి కోసం' అన్నచోట 'ఇరవైమంది పిల్లలు' అని రాసి, ఆవిడ సంతకం కింద తనదీ పెట్టాడు.

ఫోను ఇంకా కట్ కాలేదు.

"ఏమండీ," అంది భార్య, "పొద్దున మూడడుగులే, భయం లేదన్నారుగా?"

శిష్యుడు మేడమ్ వంక చూశాడు.

"ఏమోనే," అన్నాడు. ఆరేళ్ళలో ఆ మాట వెక్కిరింపు లేకుండా అతని నోట రావడం అదే మొదటిసారి.