ముద్ద దిగే దారి

మధ్యాహ్నం కాగానే టైలర్ మెషిన్ మీది గుడ్డను పక్కకు జరిపి, చేతులు కడుక్కుని, వెనకగదిలోకి వెళ్తాడు. ముందుగది దుకాణం, వెనకగది ఇల్లు. పక్షవాతంతో కుడిపక్క పడిపోయిన భార్య అక్కడ మంచం మీద వెల్లకిలా పడుకుని ఉంటుంది. మాట కూడా పోయింది. అతను ఆమె తల కింద ఒక చెయ్యి ఆనించి, పలచటి జావను చెంచాతో నోట్లో పోస్తూ ఆ పొద్దుటి కబుర్లు చెబుతాడు.

"నిరుడు కొలతలిచ్చి వెళ్ళినాయన ఈ ఏడు పొట్ట వేసుకొచ్చాడు. చొక్కా బిగుతైతే తప్పు నాదట."

ఆమె ముఖంలో కదిలే సగం నవ్వుతుంది. ఆ నవ్వులోనే పొలమారుతుంది. అతను వీపు నిమిరి, ఎవరో తలుచుకుంటున్నట్టున్నారే అని, మళ్ళీ చెంచా అందిస్తాడు.

బట్టలు కుట్టించుకోవడానికి వచ్చినవాళ్ళు ఇదంతా గుమ్మంలోంచి చూసి కళ్ళు తుడుచుకునేవారు. పక్కింటావిడ తన భర్తను దెప్పిపొడవాలంటే ముందు టైలర్‌నే ఉదాహరణగా తెచ్చేది. మనమైనా అంతే చేసి ఉండేవాళ్ళం. ప్రేమ కంటికి కనిపిస్తే చాలు మనకు. ఆ ప్రేమకు తోడుగా ఉండాల్సింది ఏది లేదో అడగడం మనకు అలవాటు లేదు.

అలా అడగడమే పనిగా పెట్టుకున్న ఒకావిడ ఓ రోజు ఆ గదిలోకి వచ్చింది. నర్సింగ్ కాలేజీలో పాఠాలు చెప్పే టీచర్. మంచం పట్టిన మనిషిని ఇంటికి పంపేటప్పుడు, చూసుకోవాల్సినవాళ్ళకు ఆసుపత్రిలో ఏం నేర్పుతున్నారన్నది ఆమె పరిశోధన. అందుకోసం ఇల్లిల్లూ తిరుగుతోంది. టైలర్ ఆమెకు కుర్చీ వేసి, ఈ కాస్త జావ పట్టించి మాట్లాడతానన్నాడు.

రెండు చెంచాలు దిగేసరికే ఆమె లేచి వచ్చి గిన్నె మీద చెయ్యి అడ్డం పెట్టింది.

"బాబాయి గారూ, ఆగండి. పడుకోబెట్టి ఇలా పొయ్యమని ఎవరు చెప్పారు?"

"ఎవరు చెప్తారమ్మా? పెళ్ళానికి ముద్ద పెట్టడం కూడా ఒకరు నేర్పాలా?" అన్నాడతను నవ్వుతూ.

టీచర్ నవ్వలేదు. మంచం మీదికి వంగి చెవి దగ్గర పెట్టి వింది. ఊపిరిలో గురగుర. ఒళ్ళు వెచ్చగా ఉంది. కొద్ది రోజులుగా సాయంత్రమయ్యేసరికి ఇలాగే జ్వరం తగులుతోందనీ, పడిశమేమో అనుకుని మాత్ర ఇస్తున్నాననీ అతను చెప్పాడు. వెంటనే బండి పిలిపించి ఇద్దరూ కలిసి ఆమెను ఆసుపత్రికి తీసుకెళ్ళారు.

ఊపిరితిత్తుల్లోకి నిమ్ము చేరిందన్నారు డాక్టర్లు. లోపల వైద్యం జరుగుతుంటే, బయట బల్ల మీద టీచర్ అతనికి అంతా విడమరిచి చెప్పింది. పక్షవాతం చేతినీ కాలినీ పట్టినట్టే గొంతునూ పట్టుకుంటుంది. అలాంటివాళ్ళను నిటారుగా కూర్చోబెట్టాలి, గడ్డం కాస్త కిందికి వంచాలి. జావ చిక్కగా ఉండాలి. నోట్లో బాగున్న పక్కన కొద్దిగా పెట్టి, మింగేదాకా ఆగాలి. పడుకోబెట్టి పలచటిది పోస్తే కడుపులోకి పోవాల్సింది ఊపిరిలోకి దిగుతుంది. పొలమారడం అందుకు హెచ్చరిక. అతను కొలతలు వినేవాడిలా శ్రద్ధగా విన్నాడు. ఒక్కొక్కటీ తిరిగి అప్పజెప్పాడు. తర్వాత తన చేతుల వంక చూసుకున్నాడు.

"అయితే నేను పెట్టిందే దాని ఊపిరికి అడ్డం పడిందా అమ్మా?"

"మీకు తెలీదు కదా, బాబాయి గారూ."

"తెలీదు. కానీ పెట్టింది నా చెయ్యే కదా."



నిమ్ము తగ్గింది కానీ గొంతు బాగుపడలేదు. ముక్కులోంచి కడుపులోకి గొట్టం వేశారు. ఇక నోటితో ఏమీ పెట్టొద్దన్నారు. ఎన్నాళ్ళని అడిగితే చెప్పలేమన్నారు. ముద్ద పెట్టడం ఎలాగో నేర్చుకున్న వారంలోనే టైలర్‌కు ఆ భాగ్యం పోయింది. అతను మంచం దగ్గరికి రాగానే ఆమె అలవాటు కొద్దీ నోరు తెరిచేది. అతను ముఖం తిప్పుకుని గొట్టం సరిచేస్తున్నట్టు నటించేవాడు.

పక్షవాతం వచ్చిన కొత్తలో టైలర్ భార్యను ఆసుపత్రి నుంచి ఇంటికి పంపిన నర్సు ఎవరో టీచర్ కనుక్కుంది. తన దగ్గర చదివిన అమ్మాయే. కోపంగానే వెళ్ళింది. ఆ అమ్మాయి సెలైన్ సీసా మారుస్తూనే తలొంచుకుని చెప్పింది.

"మీరు చెప్పిన పాఠం మర్చిపోలేదు మేడమ్. వార్డు నిండా పేషెంట్లు, మేం ఇద్దరం. ఒకళ్ళు మంచం దిగకముందే ఇంకొకళ్ళు స్ట్రెచర్ మీద కాచుకుని ఉంటారు. మెత్తగా పెట్టండి, జాగ్రత్తగా చూసుకోండి అన్నాను. అంతకుమించి నిలబడే తీరిక దొరకలేదు."

మాట పూర్తవకముందే ఎవరో పిలిస్తే పరుగెత్తింది. టీచర్ కోపం ఎవరి మీద పెట్టుకోవాలో తెలియక అక్కడే ఉండిపోయింది.

ఆ నెలాఖరున ఆసుపత్రి పెద్దల ముందు తన పరిశోధన వినిపించింది. తను తిరిగిన ఇళ్ళలో దాదాపు అందరూ ఒకే ముక్క చెప్పారంది: జాగ్రత్తగా చూసుకోమన్నారు. జాగ్రత్త అంటే ఏమిటో మాత్రం ఎవరికీ చేసి చూపించలేదంది. ప్రతి వార్డులో ఇంటివాళ్ళకు నేర్పడానికే ఒక నర్సును పెట్టమని అడిగింది. సూపరింటెండెంట్ మంచివాడే. ఉన్న ఖాళీలే ఏళ్ళ తరబడి నింపడం లేదని, తాను అడిగి అడిగి అలిసిపోయానని నిజమే చెప్పాడు. అందరూ బాధపడ్డారు. సమావేశం ముగిసింది.

మర్నాడు ఆమె తన విద్యార్థినులను టైలర్ భార్య ఉన్న వార్డుకు తీసుకెళ్ళింది. టైలర్ గొట్టంలో పాలు మెల్లగా పోస్తూ భార్యకు ఏదో చెబుతున్నాడు. ఈసారి ఆమె నవ్వలేదు. వరండాలోకి వచ్చాక ఒక విద్యార్థిని, మాకూ తీరిక దొరకకపోతే ఏం చెయ్యాలి మేడమ్ అని అడిగింది. ఆ ప్రశ్నకు జవాబు తనకూ తెలియదని టీచర్ ఒప్పుకుంది. తర్వాత అంది:

"అక్కడ ప్రేమకేం లోటు లేదమ్మా. కానీ ప్రేమకు ముద్ద దిగే దారి తెలీదు, ఎవరో నేర్పాలి. రోగిని అప్పజెప్పి, చూసుకునే చేతికి పని నేర్పకుండా పంపేస్తే, మనం చేసింది సగం వైద్యమే. ఆ మిగతా సగానికి శిక్ష పడేది ప్రేమించినవాళ్ళకి."