చేవ కట్టని చెట్టు

“అన్నం చల్లారిపోతా ఉండాది” అని వెంకటశేషమ్మ అన్నదంటే ఆ దుంగ పనికిరాదని అర్థం. “మజ్జిగ పోసేదా?” అంటే తీసుకోమని. కావలి కలప అడితీలో మొగుడు గంగాధరం దుంగల మధ్య తిరుగుతుంటే, ఆమె క్యారియర్ పట్టుకుని వెనకాలే తిరిగేది. అడితీ వాళ్ల లెక్కలో ఆమె మొగుడికి వేళకు అన్నం తెచ్చే ఇల్లాలు, అంతే. అరవైల మొదట్లో కావలిలో మేడలు లేస్తున్న రోజులవి. చెక్కమెట్లు కట్టాలంటే గంగాధరం మేస్త్రీనే పిలవాలనేవారు. కట్టడం అతని పనితనమే, కాదనడానికి లేదు. కలప చూసే కన్ను మాత్రం అతనికి బొత్తిగా లేదు.

ఆ కన్ను ఆమెది. ఉదయగిరి కొండల కింద ఆమె నాయన కలప కొట్టించేవాడు. కాయ మీదున్న చెట్టు జోలికి ఎవర్నీ పోనిచ్చేవాడు కాదు. మొదలు మళ్లీ చిగురు పెట్టేలా కొట్టించేవాడు. లేత చెట్టు మీద గొడ్డలి వేసిన కూలీని ఆ పూటే పంపించేసేవాడు. నడిమి చెక్క ముదిరి గట్టిపడితేనే చేవ, చేవ ఉంటేనే అది మనిషి బరువు మోస్తుందని కూతురికి చెప్పేవాడు. ఆమె అలసిపోయినట్టు దుంగ మీద కూర్చుని, వేలి కణుపుతో ఒక్కసారి తట్టి, చప్పుడు విని లేచేది. పెళ్లయిన కొత్తలోనే గంగాధరం కట్టడి చేశాడు. “అడితీలో కలప గురించి నోరు తెరిచినావంటే చూడు. పెళ్లాన్నడిగి కొంటాడని నవ్వుతారు.” అన్నం, మజ్జిగ మాటలు అప్పుడు ఇద్దరూ కలిసి పెట్టుకున్నవే.

బియ్యం వ్యాపారి పద్మనాభయ్య మేడ మెట్లకు వేగిస దుంగ చూడబోయిన రోజు ఆమె అన్నం చల్లారుతోందని ఒకసారి అంది. గంగాధరం ఇంకా బేరమాడుతుంటే మళ్లీ అంది. అడితీ యజమాని పగలబడి నవ్వాడు.

“ఏం మేస్త్రీ, దుంగ తాకితే చాలు మీ ఆమెకు అన్నం గుర్తొస్తుందే! బేరం నీదా, ఆమెదా?”

కూలీలు కూడా నవ్వారు. గంగాధరం ముఖం కందగడ్డయింది. ఆ దుంగనే కొన్నాడు.

దారిలో ఆమె ఉండబట్టలేక చెప్పేసింది. “అది లేత చెట్టు. మొనకు రంగు పూసినారు, లోపలంతా తెల్లచెక్కే. పురుగు తినేస్తాది.”

“నోరు ముయ్ మే. మగోళ్లలో నా పరువు తీసింది చాలు.”

చేవ కట్టకముందే నరికేశారు పాపం, అనుకుంది పదమూడో ఏట కాపురానికొచ్చిన వెంకటశేషమ్మ. ఆ చెట్టు మీద జాలేసిందో, తన మీదే వేసిందో ఆమెకు తెలియలేదు.

ఏడాది తిరక్కముందే పద్మనాభయ్య మేడలో మెట్టు విరిగింది. బిందెతో నీళ్లు పైకి మోస్తున్న రెబెక్కమ్మ కింద పడింది. నడుం విరిగింది. మొగుడు పోయాక అలా నీళ్లు మోసే పనితోనే ఇద్దరు పిల్లల్ని సాకుతోంది ఆమె. వెంకటశేషమ్మ చూడబోతే మంచం మీంచి చేయి పట్టుకుంది. “మేస్త్రీ కట్టిన మెట్లే కదా అని చూసుకోకుండా కాలు పెట్టినానక్కా” అంది. ఆ మాటకు వెంకటశేషమ్మ ఏడుపు ఆపుకోలేకపోయింది.

పద్మనాభయ్య కబురు పంపాడు. బయల్దేరేముందు గంగాధరం గొంతు మెత్తబడింది. “నాకు జొరమొచ్చి ఆ దుంగ నువ్వు పోయి తెచ్చినావని చెప్తా. ఆడదానివి, నిన్నేమంటారు? నా పేరు పోతే తినేదేంది?” అత్త గుమ్మంలోంచి అందుకుంది. “ఇన్నేళ్లూ నీళ్లు మోసినావు, కట్టెలు మోసినావు. మొగుడి కోసం ఒక మాట మోస్తే అరిగిపోతావా? కాదంటే మళ్లీ ఈ గడప తొక్కబాక.”

విరిగిన మెట్ల ముందు పద్మనాభయ్య కుర్చీలో కూర్చున్నాడు. చుట్టూ గుమాస్తాలు. గంగాధరం చేతులు కట్టుకుని చెప్పుకుపోయాడు. “అయ్యా, ఈ ఊళ్లో నేను కట్టిన మెట్లన్నిటికీ కలప నా చేతులతో ఎంచిందే. ఇదొక్కటే మా ఆడది తెచ్చింది. ఆడబుద్ధి, ఏం తెలుస్తుంది?”

“నిజమేనామ్మా?” అన్నాడు పద్మనాభయ్య.

తల ఊపితే చాలు, ఇంటికెళ్లి పొయ్యి వెలిగించుకోవచ్చు. ఊపడం ఆమెకు కొత్తా? ఎండలో క్యారియర్ మోసుకుంటూ తిరిగి ఎంచింది తనైనా, మంచి కలప పడ్డప్పుడల్లా ‘మేస్త్రీ కన్నే కన్ను’ అని పొగుడుతుంటే పక్కన నిలబడి తల ఊపుతూనే వచ్చింది. అప్పుడేమీ అనిపించలేదని కాదు, అనిపించింది, మింగింది. ఇన్ని మేడల్లో ఇన్ని పాదాలు భయం లేకుండా ఎక్కి దిగుతుంటే అందులో తన పేరు లేదు. ఒక ఆడమనిషి నడుం విరిగినచోట మాత్రం తన పేరు కావలసివచ్చింది వీళ్లకు. ఇప్పుడూ తల ఊపితే రేపు రెబెక్కమ్మ ముఖం ఎలా చూస్తుంది? గడప మాట గుర్తొచ్చింది. అయినా ఆమె కొంగు నడుముకు దోపుకుని, మొగుడి పక్కనుంచి ముందుకొచ్చి నిలబడింది.

“లేదయ్యా. ఈ ఊళ్లో ఆయన కట్టిన మెట్లన్నిటికీ కలప ఎంచింది నేను. ఆయన సొంతంగా ఎంచింది ఇదొక్కటే.”