వరండా లోపలే కదా

గేటు గొళ్ళెం పెట్టి, పడిందో లేదో లాగి చూసి, వీధి మలుపు దాకా వెళ్ళి, మళ్ళీ వెనక్కొచ్చి లాగి చూసింది కృష్ణవేణి. గొళ్ళెం పడే ఉంది. దాని చుట్టూ తాడు కూడా చుట్టింది. తాళం మాత్రం వేయదు. ఒకసారి వేస్తే, లోపలున్న మనిషి ఊచలు పట్టుకుని, కండక్టర్ని లోపలేసి తాళం పెట్టారు, ఇక బస్సు కదలదు, దిగిపోండి అని వీధిన పోయేవాళ్ళందరికీ చెప్పాడు. అది చూసి నవ్వినవాళ్ళున్నారు. ఆ రోజు నుంచి తాడే.

ఆ మనిషి ఇప్పుడు వరండాలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఉతికిన బనీను, గళ్ళ లుంగీ, భుజాన తువ్వాలు. ఎడమచెయ్యి నడుం దగ్గర, ఇప్పుడు లేని తోలుసంచి మీద ఆనించినట్టుగా ఉంది. బాపట్ల నుంచి రేపల్లె, రేపల్లె నుంచి బాపట్ల, ఉద్యోగమంతా ఆ ఒక్క దారిలోనే టిక్కెట్లు కొట్టాడు బసవలింగం. ఉద్యోగం అయిపోయింది గాని, ఆ చెయ్యి మాత్రం దిగలేదు. పక్కన కిటికీ గట్టు మీద మూతపెట్టిన మజ్జిగ గాజుగ్లాసు, దాని పక్కన అన్నం క్యారియరు. వరండా అవతలి మూల, శ్లాబుకి బోర్లించిన కొబ్బరిచిప్పలాగా కెమెరా.

అల్పపీడనం పట్టి రెండ్రోజులుగా ముసురు. కెమెరా మీది ప్లాస్టిక్ బుడగలో ఆవిరి పట్టింది. పొద్దున్నే స్టూలెక్కి పైటకొంగుతో తుడిచింది. చెమ్మ లోపలివైపు ఉంది. కొంగుకి అందేది కాదు.

"వెళ్ళొస్తానండీ" అంది ఊచల్లోంచి.

బసవలింగం తలెత్తి చూశాడు. గుర్తుపట్టినట్టే ఉన్నాడు. "రైట్, రైట్" అన్నాడు, చేత్తో గాలిలో తడుతూ.

ఎవరైనా గుమ్మం దిగుతుంటే కృష్ణవేణికి మళ్ళీ రారేమోనని భయం. ఇది ఇప్పటిది కాదు. ఈపురుపాలెంలో వాళ్ళ నాన్న నేసిన చీరలు మూటగట్టి సైకిలు మీద పెట్టుకుని తెనాలి బయల్దేరాడు. గడప దిగేటప్పుడు ఏదో అనబోయి, తర్వాత చెబుతాలే అని వెళ్ళిపోయాడు. మనిషీ రాలేదు, సైకిలూ రాలేదు. మగ్గం మీద సగం నేసిన చీరని తల్లి తియ్యనివ్వలేదు. దానిమీద దుమ్ము పడుతుంటే రోజూ దులిపేది. పెళ్ళయి బాపట్ల వచ్చాక పుట్టిన బిడ్డలిద్దరూ పురిట్లోనే దాటిపోయారు. మిగిలింది ఈ కండక్టరు. అతను డ్యూటీకి వెళ్తుంటే గేటు దాకా వెళ్ళి నిలబడేది. ఆఖరి బస్సు దిగి అతను మలుపు తిరిగేదాకా వంట గిన్నె దించేది కాదు. ఇప్పుడు వెళ్ళేది తనూ, ఉండేది అతనూ అయ్యారు. భయం మాత్రం తన దగ్గరే ఉండిపోయింది.

అతని మతిమరుపు మొదట్లో నవ్వులాటగానే ఉండేది. ఒకరోజు ఖాకీ చొక్కా వేసుకుని రేపల్లె బస్సెక్కి, సీటు సీటుకీ తిరిగి చిల్లర అడిగాడట. ఆ బస్సు కండక్టరు మంచివాడు. బాబాయ్, మీరు నాకు సీనియరు, ముందు సీట్లో కూర్చోండి అని కూర్చోబెట్టి, తిరుగు ట్రిప్పులో దింపి వెళ్ళాడు. రెండోసారి మాత్రం చెరుకుపల్లి దగ్గర కాలవగట్టున దొరికాడు. కాళ్ళు మోకాళ్ళ దాకా బురద. ఇంకో నాలుగడుగులు వేసి ఉంటే అన్న మాట కృష్ణవేణి అనుకోదు. అనుకోకుండా రోజు కూడా గడవదు.

అప్పుడు పెట్టించింది కెమెరా. తెనాలిలో తను పనిచేసే చీరల కొట్టుకి ఎదురుగా ఉమాశంకర్ అని ఒకతను కెమెరాలు అమ్ముతాడు. బల్లమీద రెండు గుండ్రటి కెమెరాలు పెట్టి చెప్పాడు. ఒకటి ఇంట్లో పెట్టేది. తేలిక ప్లాస్టిక్కు, చూస్తుంది, వింటుంది, ఫోన్లోంచి మనం మాట్లాడితే అక్కడ పలుకుతుంది. రెండోది బయట పెట్టేది. ఇనుప రింగు, మందపాటి బుడగ, లోపల రబ్బరు వాషరు, వానకీ సముద్రపు గాలికీ చెమ్మ చొరబడదు. కానీ అది మూగది. రెండూ కొనే స్తోమత లేదని అతనికి మొహం చూస్తేనే తెలిసింది.

మరి ఎక్కడ పెడతారక్కా అని అడిగాడు. వరండాలో అంది. వరండా లోపలా, బయటా అని అడిగాడు. కృష్ణవేణి ఆశ్చర్యపోయింది. నెత్తిమీద శ్లాబుంది, ముందు ఊచలున్నాయి, చెప్పులు మెట్టు కిందే విడుస్తారు, ఆయన తినేదీ పడుకునేదీ అక్కడే. "వరండా లోపలే కదా నాయనా" అంది. పైగా ఇంట్లో పెట్టేదైతే పిలుస్తుంది. గేటు వైపు నడిచే మనిషిని ఊరికే చూస్తూ ఉంటే ఏం లాభం, పిలవాలి గాని.

ఆ పొద్దున తెనాలి రైల్లో కిటికీ పక్క సీటు దొరికింది. పొన్నూరు దాటలేదు, ఫోను టింగుమంది. కెమెరా ముందు ఏది కదిలినా మోగుతుంది. పిల్లి దూకినా మోగుతుంది, తువ్వాలు ఎగిరినా మోగుతుంది. వెంటనే నొక్కింది.

పాలలో ముంచి తీసినట్టుంది బొమ్మ. అందులో బసవలింగం స్టూలు ఈడ్చుకుంటూ కెమెరా కిందకి వస్తున్నాడు. దాని మీద మజ్జిగ గ్లాసు పెట్టి, మూత సరిచేసి, పైకి చూశాడు. కెమెరాలోంచి పెళ్ళాం గొంతు వచ్చిన నాటి నుంచీ అతని లెక్కలో ఆవిడ అందులోనే ఉంది. ఒకసారి పక్కింటి శారదకి, మా ఆవిడ అటకెక్కి కూర్చుంది, అలిగినట్టుంది అని చెప్పాడు. శారద పడీపడీ నవ్వి, అదే మాట కృష్ణవేణికి చెప్పింది.

"ఎంతసేపే అక్కడ? దిగు. మజ్జిగ తాగు" అన్నాడు. రైలు చప్పుడులో మాటలు తెగుతూ వచ్చాయి.

"నేను తాగానండీ. అది మీకు. గేటు దగ్గరికి వెళ్ళకండి. ఇవాళ శారద కూడా లేదు."

"ఎక్కడికెళ్తాను? ఇవాళ నాకు ఆఫ్."

ఎదురు సీటావిడ నవ్వింది. కృష్ణవేణి కూడా నవ్వాలనుకుంది. అతను మెల్లగా వెనక్కి వెళ్ళి కుర్చీలో కూర్చోవడం, ఎడమచెయ్యి నడుం మీదకి వెళ్ళడం చూసి ఫోను కొంగులో ముడేసింది.

శారద రేపల్లెలో చెల్లెలి మనవరాలి ఓణీల ఫంక్షన్‌కి వెళ్ళింది. మామూలుగా మధ్యాహ్నం శారదే వచ్చి, దగ్గరుండి అన్నం తినిపించి వెళ్తుంది. దసరా బేరాల్లో సెలవిస్తారా అని కొట్టు మానేజరు భార్గవ్‌ని అడగబోయి, కృష్ణవేణి మానేసింది. ఆ ఒక్క రోజుకి కెమెరాయే శారద.

కొట్టులో ఆమె పని చీరలు అమ్మడం కాదు. అమ్మేవాళ్ళు విప్పి పరిచినవాటిని, జనం పట్టి నలిపి వద్దన్నవాటిని, మళ్ళీ మడత పెట్టడం. అంచు అంచుకి తగిలించి, అరచేత్తో గాలి పోనిచ్చి, పాత మడత జాడలోనే మడతేస్తుంది. కొత్త జాడ పడిందంటే చీర పాతబడ్డట్టే. పొద్దుట్నుంచి సాయంత్రం దాకా విప్పడమూ మడవడమూ. ఆ చీర ఎవరు కట్టుకున్నదీ ఆమెకి తెలియదు. ఆమె నెత్తిమీద కూడా ఒక కెమెరా ఉంది.

మానేజరు భార్గవ్ గల్లా దగ్గర తెర చూస్తూ కూర్చుంటాడు. "పిన్నిగారూ, మా కెమెరాలో మీరు, మీ కెమెరాలో బాబాయిగారు. నన్ను చూసేదెవరండీ?" అన్నాడు, ఆమె రెండోసారి ఫోను తీసినప్పుడు. కసురుకోడు. అలాగే అంటాడు. కృష్ణవేణి సిగ్గుపడి ఫోను దాచింది.

ఫోను మళ్ళీ మోగలేదు. మామూలు రోజుల్లో మధ్యాహ్నంలోపే పదిసార్లు ప్రాణం తీసేది. ఇవాళ బుద్ధిగా ఊరుకుంది. చూసినప్పుడల్లా తెల్లటి ఆవిరిలో కుర్చీ, కుర్చీలో అతను. కునుకు తీస్తున్నాడనుకుంది. ముసురు రోజున ముసలి ప్రాణానికి అంతకన్నా ఏం కావాలి. ఎన్నాళ్ళకో అన్నం రుచి తెలిసింది. తోటివాళ్ళు పెట్టిన గోంగూర పచ్చడి మళ్ళీ వేయించుకుంది. ఇవాళ ఆయనకి ఆఫట అని వాళ్ళకి చెప్పి నవ్వించింది కూడా.

అన్నం తిన్నాక ఉమాశంకర్ కొట్టుకి వెళ్ళి ఆవిరి సంగతి చెప్పింది. అతను ఫోన్లో బొమ్మ చూసి నాలిక్కరుచుకున్నాడు. సముద్రం దగ్గర ఇళ్ళలో వరండా అంటే సగం బయటేనక్కా, ఆ రోజే గట్టిగా చెప్పాల్సింది నేను అన్నాడు. పాతది తీసుకుని, బయటిది ఇస్తానన్నాడు. మాట్లాడే బయటి రకం కూడా వస్తోందట గాని, తెప్పించాలంటే పండగ దాటాలి. ఇప్పుడున్నది మూగదే.

కృష్ణవేణి ఇనుప రింగు కెమెరాని రెండు చేతుల్లో పట్టుకుని చూసింది. బరువుగా, చల్లగా ఉంది. ఇది పెడితే బసవలింగం చక్కగా కనిపిస్తాడు, పిలిస్తే పలకడు. పాతది ఉంటే పలుకుతాడు, కనిపించడు. ఒకసారి పిలిచి చూద్దామని ఫోను నోటి దగ్గర పెట్టుకుంది.

"ఏమండీ. అన్నం తిన్నారా?"

కుర్చీలో మనిషి కదల్లేదు.

"ఏమండీ. మిమ్మల్నే."

చెమ్మకి స్పీకరు పోయి ఉంటుందక్కా అన్నాడు ఉమాశంకర్. అంతే అయి ఉంటుందనుకుంది ఆమె కూడా. పిలుపు పోయాక ఇంకా ఆలోచించేదేముంది, కనిపిస్తే చాలు. బయటిదే ఇవ్వమంది. ఆదివారం వచ్చి బిగిస్తానని అట్టపెట్టె సంచిలో పెట్టి ఇచ్చాడు.

కొట్టుకి తిరిగొచ్చి చీర మడతలో చెయ్యి పెట్టాక ఆమెకి తట్టింది. పొద్దుటి నుంచి పిల్లి రాలేదా? తువ్వాలు ఎగరలేదా? అతను కాలైనా చాపలేదా? ఇన్నాళ్ళూ భయం చప్పుడు చేసుకుంటూ వచ్చేది. ఇవాళ చప్పుడు లేకుండా వచ్చి పక్కన కూర్చుంది. చేతిలో చీర అంచు తప్పింది. మళ్ళీ మడిచింది. మళ్ళీ తప్పింది. ఫోను తీసి చూసింది. చెయ్యి నడుం మీదే ఉంది. తల కొంచెం పక్కకి వాలి ఉంది, లేక ఆవిరి అలా చూపిస్తోందో.

శారదకి ఫోను చేస్తే ఇంకా రేపల్లెలోనే ఉంది, వెనకాల మేళం మోగుతోంది. కనిపిస్తున్నాడుగా వదినా, ఇంకేంటి భయం అంది. నిజమే. కనిపిస్తూనే ఉన్నాడు. వాళ్ళ వరసలో మిగతావి ఖాళీ స్థలాలు, పిలిస్తే పలికే గడప ఇంకోటి లేదు. కృష్ణవేణి గల్లా దగ్గరికి వెళ్ళి నిలబడింది. భార్గవ్ ఆమె మొహం చూసి, ఈసారి పరాచికమాడకుండా, వెళ్ళండి పిన్నిగారూ అన్నాడు.

రైలు ఆలస్యం. నిడుబ్రోలు దాటేసరికి బయట వెలుతురు పోయింది. చీకటి పడగానే కెమెరా తనంతట తను దీపం వేసుకుంటుంది. ఆ దీపం వెలుగు ఆవిరికి కొట్టుకుని తెరంతా తెల్లబడిపోయింది. కుర్చీ లేదు. మనిషి లేడు. మగ్గం మీద ఇంకా నేయని నూలులాగా ఒట్టి తెలుపు. కృష్ణవేణి ఆ తెలుపులోకి పేరు పెట్టి పిలవలేదు. జన్మలో పిలిచిన మనిషి కాదు. "ఏమండీ, ఏమండీ" అంటూనే ఉంది. పక్కవాళ్ళు జరిగి చోటిచ్చారు.

స్టేషను నుంచి ఆటోలో వచ్చింది. మలుపు తిరగగానే గేటు కనిపించింది. గొళ్ళెం పడే ఉంది. తాడు పొద్దున తను ఎలా చుట్టిందో అలాగే ఉంది, ఒక్క పేట కూడా వదులవ్వలేదు. ఎక్కడికీ వెళ్ళలేదు. ఆ ఒక్క క్షణం ఆమె గుండెల నిండా గాలి పీల్చుకుంది. తాడు విప్పి లోపలికొచ్చి, చెప్పులు మెట్టు కింద విడిచి, వరండా దీపం వేసింది.

బసవలింగం కుర్చీలోనే ఉన్నాడు. తల కుడివైపుకి వాలింది. ఎడమచెయ్యి నడుం మీద ఉంది. క్యారియరు మూత తీసి లేదు. తువ్వాలు జారి కాళ్ళమీద పడి ఉంది, ఊచల్లోంచి వచ్చిన జల్లుకి తడిసింది.

"ఏమండీ" అంది.

కొంచెం ఆగి, కొంగు ముడిలో తెరిచే ఉన్న ఫోను కూడా "ఏమండీ" అంది. కెమెరా మైకు చెడలేదు. పొద్దుటి నుంచి అది అన్నీ వింటూనే ఉంది. వినడానికే ఏమీ లేదు.

కృష్ణవేణి అతని చెయ్యి ముట్టుకుంది. సాయంత్రమంతా ఒళ్ళో పెట్టుకొచ్చిన ఇనుప రింగులాగా చల్లగా ఉంది. సంచి కింద పెట్టింది. తడి తువ్వాలు తీసి పిండి, ఊచ మీద ఆరేసింది. అతని పక్కన నేలమీద కూర్చుని, కుర్చీ చెయ్యికి తల ఆనించి, మొదటిసారిగా అతను చూసే వైపు నుంచి వరండా చూసింది.

అవతలి మూల, కెమెరా కింద, స్టూలు మీద గ్లాసు ఉంది. దాని మీద మూత సరిగ్గా ఉంది. మజ్జిగ అంచుదాకా నిండుగా ఉంది.